వైరస్ పుట్టిల్లు

ప్రపంచంలో ఏ దేశమూ చేయలేని పనిని ఆదోని చేసి చూపించబోతున్నదని బసవరాజు ప్రకటించాడు. గబ్బిలాల నుంచి మనుషులకు అంటుకున్న కొత్త వైరస్ ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, ఎవరి చేతులు పట్టుకుని ఊళ్ళోకి వచ్చింది, అంతా తేల్చి ప్రజల ముందు పెడతామన్నాడు. విలేఖరులు రాసుకున్నారు. అప్పటికి వాళ్ళకు మిర్చి బజ్జీలు, ఉగ్గాని అందాయి కాబట్టి ఎవరూ ప్రశ్నలు వేయలేదు.

బసవరాజు 'పశ్చిమ ప్రాంత గబ్బిల వైరస్ మూలాన్వేషణ మండలి'కి చైర్మన్. పేరు అంత పొడుగ్గా ఉండేసరికి కారు ముందు పెట్టిన బోర్డులో 'చైర్మన్' అన్న ముక్క ఒక్కటే పట్టింది. ఆయనకు కావలసిందీ ఆ ముక్కే. ఆయన ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ వ్యాపారి. చిటికెడు పత్తి తీసి రెండు వేళ్ళ మధ్య లాగి, ఇది ఆస్పరి సరుకా, కోడుమూరు సరుకా అన్నది కళ్ళు మూసుకుని చెప్పగలడు. పత్తి ఊరు చెప్పగలిగినవాడు వైరస్ ఊరు చెప్పలేడా అని పార్టీవాళ్ళు ఆలోచించి ఈ పదవి ఇచ్చారు. అయితే ఒక్క ఆదోనికే ఇస్తే ఎమ్మిగనూరు ఊరుకోదు గనక, అక్కడ చీరల వ్యాపారం చేసే గోవిందన్నను వైస్ చైర్మన్ చేశారు. ఇద్దరికీ పడదు. అందువల్ల మండలి నిష్పక్షపాతంగా పనిచేస్తుందని పేపర్లు రాశాయి.

మండలిలో వైరస్ అంటే ఏమిటో తెలిసినవాడు కూడా ఒకడుండాలి కదా. ఆ ఒకడు దత్తాత్రేయ. ఆదోనిలో ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. తండ్రి మంత్రాలయంలో మఠం సేవలో ఉండి కొడుకు కూడా ఆ దారినే వస్తాడనుకుంటే, కొడుకు గబ్బిలాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. డాక్టరేటు వచ్చింది గానీ ఉద్యోగం పర్మినెంటు కాలేదు. ప్రెస్ మీట్ అయిపోగానే బసవరాజు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమప్పా సైంటిస్టూ, నీ రెగ్యులర్ సంగతి నాకొదిలెయ్. కానీ ఒక్కటి. మూలం యాడిదో మేము ఖరారు చేసేదాకా ఒక్క ముక్క బయటికి పోగూడదు. ఎవరేమడిగినా ఏమంటావు?"

"ఏమనాలి సార్?"

"నివేదిక రావాల అని సెప్పు. ఆ మాటకు ఎదురు సెప్పేటోడు ఇంతవరకూ పుట్టలేదు."

దత్తాత్రేయను అంతవరకూ ఎవరూ సైంటిస్టూ అని పిలిచి ఎరగరు. ఆ పిలుపు అతనికి బాగా నచ్చింది.

నిజం చెప్పాలంటే మండలి పుట్టకముందే మూలం అతనికి తెలుసు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ తోపులదొడ్డి అని ఒక ఊరుంది. ఊరి చివర పాత చింతతోపు, తోపు నిండా తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు. తోపును ఆనుకుని వంకలో ఈతచెట్లు. చలికాలం వస్తే ఈతచెట్లకు గీత గీసి కుండలు కడతారు. రాత్రయితే గబ్బిలాలు వచ్చి గీత దగ్గర కారే కల్లును నాకుతాయి, కుండ అంచు మీద కూర్చుంటాయి, ఆ పైన చేసేదీ అక్కడే చేస్తాయి. పొద్దున ఆ కల్లునే ఊరు తాగుతుంది. ఆ ఊరివాడు శేషప్ప జ్వరం వచ్చి, మనిషి తెలివి తప్పి, ఎమ్మిగనూరు ఆసుపత్రిలో చనిపోయాడు. గబ్బిలం రెట్టలోది, కుండలోది, శేషప్ప రక్తంలోది, మూడూ పెద్ద ల్యాబుకు పంపితే మూడూ ఒకే వైరస్ అని వచ్చింది. తేడా పిసరంత. అంటే అది ఎక్కడి నుంచో ఊరేగుతూ రాలేదు. చెట్టు మీద నుంచి కుండలోకి, కుండలో నుంచి శేషప్పలోకి దిగింది. ఇలా మనుషుల్లోకి దిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం మారుతుంది. మారి మారి ఒక రోజు మనిషి నుంచి మనిషికి అంటుకోవడం నేర్చుకుందంటే ఇక దాన్ని పట్టడం ఎవరి తరమూ కాదు. ఆపడానికి పెద్ద మందులేవీ అక్కర్లేదు. గీతనూ కుండనూ కలిపి గోనెపట్ట కప్పితే చాలు. అంతవరకూ కల్లు ముట్టకుంటే చాలు.

ఇదంతా తెలిసిన మనిషి మండలి తరఫున జీపులో తోపులదొడ్డికి వెళ్ళాడు. శేషప్ప భార్య హులిగమ్మ పత్తి విడిపిస్తున్నదల్లా ఒడిలో పత్తితోనే ఎదురొచ్చింది.

"సార్, నా మొగుడు యాడ పుట్టినాడు, యాడ తిరిగినాడు, ఎవరితో మాట్లాడినాడు అని అందరూ వచ్చి అడిగి రాసుకోని పోతాండారు. నేనొక్కటి అడుగుతా, సెప్పు. ఆయన దినామూ కల్లు తాగుతాండె. ఇప్పుడు నా కొడుకు ఈరేషు అదే చెట్టుకాడికి పోతాండాడు. పొద్దన్నే తాగి బస్సెక్కి ఆదోనికి హమాలీ పనికి పోతాడు. తాగొచ్చునా, వద్దా?"

ఎంత చిన్న ప్రశ్న! వద్దు అంటే సరిపోయేది. దత్తాత్రేయ నోరు తెరిచాడు. జీపు డ్రైవరు వైపు చూశాడు. జీపు మీదున్న మండలి బోర్డు వైపు చూశాడు. నీళ్ళు నమిలాడు.

"నివేదిక రావాలమ్మా" అన్నాడు.

"అదెప్పుడొస్తాది?"

"మూలం ఖరారు కావాల."

హులిగమ్మకు అర్థం కాలేదు. చదువుకున్నవాడు చెప్పాడు గనక తలూపింది.

మండలి మొదటి సమావేశంలో దత్తాత్రేయ గోడకు ఒక పటం తగిలించాడు. అడుగున ఒక గీత, దాని నుంచి కొమ్మలు, కొమ్మల నుంచి రెమ్మలు. బసవరాజు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"ఏమప్పా ఇది? మా చిన్నాయనతో భాగాలు పంచుకున్నప్పుడు లాయరు గీసిన బొమ్మ మాదిరుండాది."

"వైరస్ వంశవృక్షం సార్. ఏ వైరస్ నుంచి ఏ వైరస్ పుట్టిందో ఇందులో ఉంటుంది."

"ఆస్తిపాస్తులేమన్నా ఉండాయా దీనికి?"

"లేవు సార్."

"మల్ల వంశమెందుకప్పా?" అని గోవిందన్న అందుకున్నాడు. "సరే, అడుగున ఉండేది మూలపురుషుడు గదా. ఆయప్పది ఏ ఊరు?"

"తోపులదొడ్డి సార్."

ఇద్దరూ కుర్చీల్లో వెనక్కి వాలారు. తోపులదొడ్డి విచిత్రమైన ఊరు. సగం మంది పనులకు ఆదోనికి పోతారు, సగం మంది సంతకు ఎమ్మిగనూరుకు పోతారు. ఎన్నికలప్పుడు ఇద్దరు నాయకులూ ఆ ఊరు మాదంటే మాదని తలలు పగలగొట్టించినవాళ్ళే. ఇప్పుడు బసవరాజు గొంతు సవరించుకున్నాడు.

"ఇదిగో గోవిందన్నా, యార్డు పద్ధతి సెప్తా ఇను. పత్తి ఏ సేన్లో పండితేనేమి? ప్రెస్సు కొట్టి బేలు మీద యాడ ముద్ర వేస్తే ఆ ఊరి పత్తే. ఇంకెవుడూ సేను పేరు అడగడు. శేషప్ప యాడ సచ్చినాడు? మీ ఎమ్మిగనూరులో. ముద్ర ఆడ పడింది. వైరస్సు మీదే."

"అట్లనా?" అన్నాడు గోవిందన్న, ఏమాత్రం తొణకకుండా. "మా మగ్గం పద్ధతి కూడా ఇను. చీర ఎవరు నేసినారని కాదప్పా, నూలు యాడిదని అడగాల. శేషప్ప యాడ పని చేస్తాండె? మీ ఆదోని జిన్నింగు మిల్లులో. ఆయప్ప ఒంట్లోకి దుమ్ము పోయినా, వైరస్సు పోయినా ఆడనే. నూలు మీది. మేము నేసినామంతే."

ఇంత లోతైన శాస్త్రచర్చ దత్తాత్రేయ చదివిన విశ్వవిద్యాలయంలో కూడా జరగలేదు. అతను ఇద్దరి వాదనలూ రాసుకున్నాడు. చాలాసేపటికి బసవరాజుకే ఒక ఉపాయం తట్టింది.

"ఏమప్పా సైంటిస్టూ, ఈ వేరును కొంచెం పడమటికి జరపరాదా?"

"పడమటికి అంటే సార్?"

"కర్ణాటక పక్కకు. ఆడా గబ్బిలాలు ఉంటాయి గదా. వాళ్ళకు మన తెలుగు రిపోర్టు అర్థమయ్యేలోపల జ్వరాలు తగ్గిపోతాయి."

గోవిందన్న బల్ల చరిచాడు. ఇద్దరూ ఒకే మాట మీదికి రావడం అదే మొదటిసారి. వేరు జరిగింది. దత్తాత్రేయే జరిపాడు, లాప్‌టాప్‌లో, మూడో క్లాసు పిల్లవాడు చేయగలిగినంత సులభంగా. సైన్సు మీద అతనికున్న గౌరవం కొద్దీ కొమ్మలను మాత్రం కదల్చలేదు.

లేవబోతుండగా కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు. "సార్, తోపులదొడ్డిలో ఒకసారి దండోరా వేయిస్తే బాగుంటుంది."

"దండోరానా?" బసవరాజు మొహం మాడింది. "దండోరా వేస్తే ఆ ఊరు మాదేనని ఒప్పుకున్నట్టే గదప్పా. డప్పు ఎవురిదో రోగం వాళ్ళదే అంటారు. కావాలంటే గోవిందన్న వేయించుకోనీ."

"నేనెందుకు వేయిస్తా? నాకేం పని ఆ ఊరితో?"

డప్పు మోగలేదు. ఆ దండోరాలో ఏం చెప్పాలని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఇంటికొచ్చి దత్తాత్రేయ ఈ సంగతి భార్య రమాబాయికి గొప్పగానే చెప్పాడు. ఆమె చారు వడ్డిస్తూ విన్నది.

"కుండ మీద గోనెపట్ట కప్పుకోండి అని చెప్పడానికి మీకు చైర్మన్ కావాలా?"

"నీకు తెలీదు. ప్రోటోకాల్ అని ఒకటుంటుంది."

"ఆమె మిమ్మల్ని అడిగింది. ప్రోటోకాల్‌ను అడగలేదు." చారు గిన్నె అక్కడే పెట్టి లేచిపోయింది.

మరునాడు తోపులదొడ్డికి పోయి చెప్పేద్దామని అతను గట్టిగానే అనుకున్నాడు. ఆ మరునాడు కాలేజీలో రెగ్యులరైజేషన్ ఫైలు కదిలిందని కబురొచ్చింది. కదిలిన ఫైలును ఆపుకునేంత తెలివితక్కువవాడు కాదు మన దత్తాత్రేయ. నెల తిరక్కముందే హులిగమ్మ కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉంది. పత్తి లేదు ఒడిలో. చెంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"సార్, ఈరేషుకు జరమొచ్చినాది. నన్నే గుర్తు పట్టల్యా. వాళ్ళ నాయనకు వచ్చినట్టే వచ్చినాది. కర్నూలుకు తీసకపోయినారు." ఆమె అతని మొహంలోకి చూసింది. "కల్లు వల్లనేనా సార్?"

ఈసారైనా చెప్పొచ్చు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కూడా. దత్తాత్రేయ చెమట తుడుచుకున్నాడు. చుట్టూ విద్యార్థులు, గేటు దగ్గర ప్రిన్సిపాల్ కారు. వద్దని మొదటిరోజే ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలి? సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. సిగ్గుపడినవాడు నిజం చెబుతాడని మనం అనుకుంటాం. అతను అలా చేయలేదు.

"నివేదిక..." అన్నాడు.

హులిగమ్మ మిగతా మాట వినకుండానే బస్సు కోసం రోడ్డు దాటింది.

ఈరేషు చనిపోయిన రోజే పైనుంచి ఒక శుభవార్త వచ్చింది. గబ్బిలాల వైరస్ ఎక్కడ పుట్టిందని తేలితే అక్కడ జాతీయ స్థాయి పరిశోధనా కేంద్రం కడతారట. పెద్ద భవనాలు, రోడ్డు, ఉద్యోగాలు, కాంట్రాక్టులు. బసవరాజు ఆ రోజు యార్డుకు కూడా పోకుండా దత్తాత్రేయకు ఫోన్ చేశాడు.

"ఆ వేరు యాడ పెట్టినావప్పా?"

"కర్ణాటకలో సార్. మీరే చెప్పారు."

"నేనెప్పుడు సెప్పినా? తీసకరా ఈడికి! మన వేరు మనకుండాల!"

అత్యవసర సమావేశం జరిగింది. ఈసారి బసవరాజు మగ్గం పద్ధతి ఎత్తుకున్నాడు. "నూలు యాడిదో అదే అసలు సంగతి గోవిందన్నా. నువ్వే సెప్పినావు. శేషప్ప మా మిల్లు మనిషి. వైరస్సు ఆదోని బిడ్డ."

గోవిందన్న యార్డు పద్ధతిలోకి మారిపోయాడు. "ముద్ర యాడ పడితే ఊరు ఆడిదే అని నీ నోటితోనే అన్యావు. శేషప్ప మా కాడనే కండ్లు మూసినాడు. నా చేతుల్లోనే పోయినట్టు అనుకో."

"ఈరేషో మల్ల? యార్డులో మూటలు మోసిన పిల్లోడు!"

"ఆ పిల్లోని అమ్మమ్మది ఎమ్మిగనూరు!"

తోపులదొడ్డిలో రెండు పెద్ద ఫ్లెక్సీలు లేచాయి. ఒకదాని మీద 'మా శేషప్పకు ఆదోని కన్నీటి నివాళి'. రెండోదాని మీద 'ఎమ్మిగనూరు ముద్దుబిడ్డ శేషప్ప అమర్ రహే'. శేషప్ప ఫోటో దొరక్క రెండింటి మీదా నాయకుల ఫోటోలే వేశారు. ఎదురెదురుగా నిలబడ్డ ఆ రెండు ఫ్లెక్సీల నడుమ నుంచే ఈరేషు శవం పోయింది. హులిగమ్మ ఏడుస్తూ తలెత్తి ఒక ఫ్లెక్సీ చూసింది, రెండోదీ చూసింది. అందులో తన మొగుడు కనిపించకపోయేసరికి తల దించుకుంది.

చివరికి పెద్దలు రాజీ చేశారు. కైరుప్పలలో ఉగాది తర్వాత పిడకలతో కొట్టుకున్నవాళ్ళు ఆ వెంటనే ఒక్కటై దేవుడి పెళ్ళి చేస్తారు, మీరిద్దరూ అంతకన్నా ఎక్కువ కొట్టుకున్నారా అని బుజ్జగించారు. వైరస్ సరిగ్గా రెండు ఊళ్ళ నడుమ, తోపులదొడ్డిలోనే పుట్టిందని ఏకగ్రీవంగా తీర్మానించారు. వేరు తిరిగొచ్చి మొదట ఉన్న చోటే కూర్చుంది. ఇంత ప్రయాణం చేసిన వేరు శాస్త్రచరిత్రలో మరొకటి లేదు. శంకుస్థాపన అయ్యాక, పెద్దల చేతుల మీదుగా నివేదిక విడుదల చేద్దామని, అంతవరకూ ఎవరూ నోరు మెదపరాదని నిర్ణయమైంది.

శంకుస్థాపనకు చింతతోపే మంచి స్థలమన్నారు. షామియానాకు అడ్డమని చింతచెట్లు కొట్టించారు. గబ్బిలాలకు ఎవరూ ఆహ్వాన పత్రిక ఇవ్వలేదు కాబట్టి అవి లేచి, చీకటి పడేదాకా ఊరి మీద తిరిగి, వంకలో ఈతచెట్ల మీదికి చేరాయి. పొద్దున దత్తాత్రేయ పోయి చూస్తే ప్రతి కుండ మీదా నల్లగా వేలాడుతున్నాయి. అతను వేదిక దగ్గరికి తిరిగొచ్చి తన కుర్చీ వెతుక్కున్నాడు. కుర్చీ వెనక 'సైంటిస్ట్' అని కాగితం అతికించి ఉంది. జేబులో ఆ వారమే వచ్చిన ఆర్డరు ఉంది. రెగ్యులర్.

హులిగమ్మను వేదిక మీదికి పిలిచారు. మొగుణ్ణీ, కొడుకునూ ఇద్దరినీ దేశానికి అర్పించిన తల్లి అని బసవరాజు మైకులో కొనియాడాడు. గోవిందన్న శాలువా కప్పాడు. ఆమె శాలువాను కప్పుకోలేదు, తీసేయలేదు. అది జారితే జారనిచ్చింది.

అప్పుడు ఒక విలేఖరి లేచి, ఈ ఊళ్ళో అడుగు పెట్టడానికే జనం భయపడుతున్నారని అన్నాడు. బసవరాజు నవ్వాడు.

"భయమా? ఈ ఊరి నీళ్ళు తాగుతా, ఈ ఊరి గాలి పీలుస్తా. గోవిందన్నా, నీళ్ళేందిలే, కల్లే తాగుదాం! ఏమంటావు? తోపులదొడ్డి ఈతకల్లంటే జిల్లాకంతా పేరు. ఎవురప్పా ఆడ, పొద్దన్నే దింపిన కుండ తీసకరా!"

చప్పట్లు మోగాయి. గోవిందన్న వెనకబడేవాడు కాదు గనక తనకు పెద్ద గ్లాసు తెమ్మన్నాడు. వంకలో నుంచి కుండ వచ్చింది. అంచున నురగ, నురగలో అక్కడక్కడా నల్లని నలకలు. వడ్డించినవాడు నలకలను వేలితో తీసేసి గ్లాసులు నింపాడు. కెమెరాలు ముందుకొచ్చాయి. హులిగమ్మ కుండను చూసింది. ఒక్క అడుగు వెనక్కి వేసింది.

బసవరాజు గ్లాసు పెదవుల దాకా తెచ్చి, జనాన్ని నవ్వించాలని ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"ఏమప్పా సైంటిస్టూ! మండలి తరఫున అడుగుతాండా. తాగొచ్చునా, వద్దా?"

జనం నవ్వారు. హులిగమ్మ నవ్వలేదు. ఆమె తల తిప్పి దత్తాత్రేయ వైపు చూసింది. కాలేజీ గేటు దగ్గర రోడ్డు దాటిన తర్వాత ఆమె అతన్ని చూడడం అదే మొదటిసారి.

దత్తాత్రేయ లేచి నిలబడ్డాడు. ఆమెను చూశాడు, కుండను చూశాడు. గొంతు సవరించుకున్నాడు. ఈసారి అతను నీళ్ళు నమలలేదు.

"నివేదిక ఇంకా విడుదల కాలేదు సార్."

"అద్దీ!" బసవరాజు మైకు దగ్గరికి వంగాడు. "సూసినారా, మా మండలి క్రమశిక్షణ! నేను అడిగినా అదే మాట, మీరు అడిగినా అదే మాట. ఇట్లాంటోళ్ళు ఉండబట్టే ఈ దేశం నడుస్తాండాది."

ఇద్దరూ గ్లాసులు తాకించుకుని గటగటా తాగారు. మూతులు తుడుచుకుని చేతులు కలిపి పైకెత్తారు. వెనక వరసలో నిలబడ్డ కెమెరా వాళ్ళు ఎండ పడి ఫోటో సరిగా రాలేదన్నారు.

ఇద్దరూ ఇంకో గ్లాసు పోయించుకున్నారు.